గీత దాటిన కాలు

దుబాయ్‌లోనో షార్జాలోనో పిల్లల స్కూల్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లిన అమ్మలకి ఒక అనుమానం తప్పకుండా వస్తుంది. ఒక పిల్ల బంతి వెనకాల పరుగెత్తి, గీత దాటి, బయట బెంచీల దాకా వెళ్లిపోతుంది. మళ్లీ లోపలికొచ్చి ఏమీ జరగనట్టు ఆడుతుంది. రెఫరీ కిమ్మనరు. రెండు నిమిషాల తర్వాత ఇంకో పిల్ల బంతి చేతిలో పట్టుకుని, మడమతో గీతని అలా తగిలీ తగలనట్టు తాకుతుంది. వెంటనే ఈల! బంతి అవతలి జట్టుకి. అంత దూరం పోయిన పిల్లకి ఏమీ లేదు, వేలెడంత జరిగిన పిల్లకి శిక్షా? ఆట తెలిసినవాళ్లకి ఇది చాలా చిన్న విషయం. తెలియనివాళ్లకి, అందులోనూ ఈల మోగింది మన పిల్ల మీదైతే, పచ్చి అన్యాయంలా కనిపిస్తుంది.

ఈ ఈల వెనక 130 ఏళ్లు దాటిన కథ ఉంది. అందులో సగం ఆడవాళ్ల కథే. మగవాళ్ల కోర్టుకి చుట్టూ మాత్రమే హద్దు గీశారు. ఆడవాళ్ల కోర్టుకి చుట్టూ గీసినది చాలక, లోపల కూడా దాటకూడని గీతలు గీశారు. ఆ సంగతికి వచ్చేముందు, ఇప్పుడున్న నియమం ఏమిటో చూద్దాం.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా లెక్క ప్రకారం కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. చుట్టూ 5 సెంటీమీటర్ల మందం గీత. ఆ గీత కోర్టులో భాగం కాదు. వాలీబాల్‌లో బంతి గీత మీద పడితే లోపల పడినట్టే. బాస్కెట్‌బాల్‌లో గీత తొక్కితే బయటున్నట్టే. మన తొక్కుడుబిళ్ల చట్టమే అనుకోండి. గీత మీద కాలు పడిందా, ఔట్.

అయితే బంతి కోసం పోతూ పోతూ బయటికి వెళ్లిపోవడం తప్పు కాదు. బయట ఉండగా బంతిని తాకడం తప్పు. మొదటి పిల్ల బంతి వదిలేశాక ఊపులో బయటికి పోయింది, తిరిగొచ్చి రెండు కాళ్లూ లోపల పెట్టింది, అప్పుడు బంతి తాకింది. రెండో పిల్ల చేతిలో బంతి ఉండగానే గీత తాకింది. అంతే తేడా. మరి గాల్లో ఉన్నప్పుడో? చివరిసారి కాలు నేల మీద ఎక్కడ పెట్టిందో, అక్కడే ఉన్నట్టు లెక్క. అందుకే లోపల్నుంచి ఎగిరి, బయటికి పోతున్న బంతిని గాల్లోనే లోపలికి కొట్టి, ఆ తర్వాత జనం మీద పడిపోయినా తప్పు లేదు. పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైన విన్యాసం కూడా ఇదే. మోకాళ్లు చీరుకుపోయేదీ దీనివల్లే.

ఇంత స్పష్టంగా మొదట్లో లేదు. 1891 డిసెంబర్‌లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు ఈ ఆట తయారుచేశాడు. ఆయనా వలస వచ్చినవాడే, కెనడా మనిషి. చలికాలంలో బయట ఆడలేక లోపల విసుగెత్తిపోతున్న కుర్రాళ్ల కోసం రెండు పీచ్ పళ్ల బుట్టలు బాల్కనీకి కొట్టి, 13 నియమాలు రాసి గోడకి అంటించాడు. జట్టుకి తొమ్మిది మంది. అందులో తొమ్మిదో నియమం చూడండి: బంతి బయటికి పోతే, దాన్ని మొదట ఎవరు తాకితే వాళ్లదే, వాళ్లే లోపలికి విసరాలి. విసరడానికి 5 సెకన్ల గడువు. తగువొస్తే అంపైరే విసరాలి.

మాస్టారు కాగితం మీద బాగానే రాశారు. కానీ ముందు తాకినవాళ్లదే బంతి అంటే ఏమవుతుంది? పెళ్లిలో జీడిపప్పు పంచినట్టు అవుతుంది. బంతి గీత దాటగానే రెండు జట్లూ కలిసి దాని మీద పడేవి. బంతి పైన బాల్కనీలోకి పోతే కొందరు మెట్ల మీదుగా పరుగు, ఇంకొందరు ఒకరి భుజాల మీద ఒకరెక్కి బాల్కనీ పట్టుకుని పాకడం. ఈ తంతు గురించి నైస్మిత్ తరవాత తన పుస్తకంలో నవ్వుతూనే రాసుకున్నాడు. ఆట లోపల ఆడినంతా బయటా ఆడేవారు. కొన్నిచోట్ల ఈ గొడవ భరించలేక కోర్టు చుట్టూ వల కట్టేశారు, ఇనుప వల కూడా. వలకి తగిలిన బంతి మళ్లీ లోపలికే పడుతుంది, ఇంకెవరూ బయటికి పోనక్కర్లేదు. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లని అమెరికా పత్రికలు చాలాకాలం ‘కేజర్స్’ అన్నది అందుకే. అంటే పంజరంలో వాళ్లు. చివరికి 1913లో నియమం మార్చారు: ఎవరి చెయ్యి ఆఖరున తగిలి బంతి బయటికి పోయిందో, వాళ్ల ఎదుటి జట్టుకి బంతి. ఆ ఒక్క మాటతో బయట జరిగే కుస్తీకి అర్థం లేకుండా పోయింది. మనం ఈ రోజు చూసేది అదే.

అన్నట్టు నైస్మిత్ నియమాల్లో ఇద్దరు పెద్దమనుషులుండేవారు. బంతిని చూసేవాడు రెఫరీ, మనుషులని చూసేవాడు అంపైరు. ఇప్పుడు ఇద్దరో ముగ్గురో కలిసి రెండూ చూస్తారు. ఒకరు బుట్ట వెనక గీత దగ్గర, మిగతావాళ్లు పక్కగీతల దగ్గర. ఎవరి దగ్గరున్న గీత వాళ్ల బాధ్యత. ఈల ఊది అరచెయ్యి విప్పి పైకెత్తితే హద్దు దాటడం లాంటి తప్పు. పిడికిలి బిగించి ఎత్తితే ఒంటి మీద పడ్డ ఫౌల్. వచ్చేసారి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు ఆ చెయ్యి చూడండి, సగం ఆట అర్థమైపోతుంది.

ఇక్కడి దాకా కాలు ఎక్కడుందన్నదే ప్రశ్న. తరవాత్తరవాత ఇంకో ప్రశ్న చేరింది: ఎందుకు వెళ్లింది? బుట్ట కింద రంగు వేసిన చోట, దాన్ని పెయింట్ అంటారు, తన జట్టు చేతిలో బంతి ఉండగా ఒక అమ్మాయి వరసగా 3 సెకన్లు మించి నిలబడకూడదు. తెలివైన పిల్ల ఏం చేస్తుంది? రెండున్నర సెకన్లకి వెనక గీత దాటి బయటికెళ్లి, లెక్క మళ్లీ మొదలుపెట్టించి, లోపలికొస్తుంది. ఫిబా ఈ ఎత్తు చిత్తు చేసింది. లెక్క తప్పించుకోవడానికి బయటికెళ్లి మళ్లీ ఆ పెయింట్‌లోకి వస్తే, 3 సెకన్ల తప్పు జరిగినట్టే ఈల ఊదాలి. అమెరికా కాలేజీ ఆటలో తన ఇష్టంతో బయటికెళ్లిన ఆటగాడు తిరిగొచ్చి బంతిని మొదట తాకకూడదు. అక్కడి హైస్కూళ్లలో సరైన కారణం లేకుండా కోర్టు వదిలితే ఒకప్పుడు టెక్నికల్ ఫౌల్ వేసేవారు. అది మరీ పెద్ద శిక్ష కావడంతో రెఫరీలు ఊదడానికి వెనకాడేవారు. దాన్ని తగ్గించి బంతి పోగొట్టుకునే మామూలు తప్పు కింద మార్చారు. శిక్ష చిన్నదైతేనే నియమం అమలవుతుందని ఇళ్లు నడిపేవాళ్లకి వేరే చెప్పాలా?

ఎన్‌బీఏ వాళ్లది మళ్లీ వేరే పుస్తకం. 2022 అక్టోబర్‌లో అబుధాబి యాస్ ఐలాండ్‌లోని ఎతిహాద్ అరీనాలో అట్లాంటా హాక్స్, మిల్వాకీ బక్స్ ఆడారు. గల్ఫ్‌లో ఎన్‌బీఏ జట్లు ఆడిన మొదటి మ్యాచ్‌లు అవే. ఆ తర్వాత ఏటా అక్టోబర్‌లో జట్లు వస్తున్నాయి, మన పిల్లలు టికెట్ల కోసం ప్రాణాలు తోడేస్తున్నారు. ఎన్‌బీఏలో దాడి చేసే జట్టు మనిషి వెనక గీత దాటి బయటినుంచి అడ్డుకట్ట వేస్తే బంతి పోతుంది. అక్కడ చూసింది స్కూల్లో వాదించకూడదని పిల్లలకి చెప్పండి. స్కూల్లో నడిచేది ఫిబా పుస్తకం.

దెబ్బ తగిలితే? ఇది అమ్మలు తెలుసుకోవాల్సిన నియమం. పిల్ల పడిపోగానే రెఫరీ ఆట ఆపలేదేమని కోప్పడతాం. బంతి ఎదుటి జట్టు దగ్గరుంటే వాళ్ల దాడి పూర్తయ్యేదాకా ఆగొచ్చు. కానీ గాయపడిన మనిషికి రక్షణ అవసరమనిపిస్తే అప్పటికప్పుడు ఆపెయ్యొచ్చు. ఆ తర్వాత సుమారు 15 సెకన్లలో లేచి ఆడలేకపోయినా, ఎవరైనా వచ్చి మందు రాసినా, ఆ పిల్ల బయటికి రావాల్సిందే, బదులు ఇంకొకరు వెళ్తారు. రక్తం కారుతున్నా అంతే. ఇది శిక్ష కాదు, బాగయ్యాక మళ్లీ దిగొచ్చు. కొట్లాట జరిగితే మాత్రం లెక్క తలకిందులు. అప్పుడు లోపలికి రావడమే నేరం. బెంచీ మీదున్నవాళ్లు లేచి గొడవలోకి దిగితే మ్యాచ్ నుంచి పంపేస్తారు. రెఫరీలకి సాయంగా గొడవ సర్దడానికి కోచ్‌లు మాత్రం రావొచ్చు.

ఇక ఆడవాళ్ల గీతల సంగతి. ఆట పుట్టిన మరుసటి ఏడాదే, 1892లో, స్ప్రింగ్‌ఫీల్డ్‌కి దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచర్ దాన్ని తన అమ్మాయిలకి నేర్పింది. ఆమె కూడా వలస పిల్లే. లిథువేనియా ప్రాంతంలో పుట్టి, చిన్నప్పుడే ఇంట్లోవాళ్లతో బోస్టన్ వచ్చింది. చిన్నతనంలో నీరసంగా ఉండేది, వ్యాయామంతోనే కోలుకుంది. 1893 మార్చిలో రెండు తరగతుల అమ్మాయిల మధ్య మ్యాచ్ పెట్టింది. మగవాళ్లకి ప్రవేశం లేదు. మొదట్లో బంతి పైకి వేసినప్పుడే చేతులు తగిలి ఒక కెప్టెన్ భుజం కీలు తప్పింది. ఆమె బదులు ఇంకొకరు దిగారు, ఆట ఆగలేదు.

బెరెన్సన్ కోర్టుని మూడు గదులుగా విడగొట్టింది. ఏ గదిలో నిలబెట్టిన పిల్ల ఆ గదిలోనే ఉండాలి. గీత దాటితే ఈల. బంతి చేతిలోంచి లాక్కోకూడదు, 3 సెకన్లు మించి పట్టుకోకూడదు, మూడుసార్లు మించి నేలకేసి కొట్టకూడదు. ఆ రోజుల్లో పరుగెత్తితే ఆడవాళ్ల గుండె ఆగుతుందని, నరాలు పాడవుతాయని డాక్టర్లే చెప్పేవారు. ఆ గీతలు లేకపోతే కాలేజీ ఆట ఆడనిచ్చేదా అంటే అనుమానమే. ఒక్క పిల్లే మొత్తం ఆడేసి మిగతావాళ్లు చూస్తూ ఉండకూడదన్న ఆలోచనా ఆమెకుంది. కాబట్టి ఆమెని తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. గీత గీసింది ఆమే, తలుపు తీసిందీ ఆమే.

న్యూ ఆర్లీన్స్‌లోని న్యూకూంబ్ కాలేజీ టీచర్ క్లారా బేర్ కథ ఇంకా విచిత్రం. నైస్మిత్ పంపిన కోర్టు బొమ్మలో కొన్ని చుక్కల గీతలున్నాయి. ఎవరు ఎక్కడుంటే ఆట బాగా సాగుతుందో చూపించడానికి గీసినవి. వాటిని దాటకూడని హద్దులనుకుందట ఆవిడ. 1895లో అచ్చేయించిన తన నియమాల్లో కోర్టుని గళ్లుగళ్లుగా కోసేసింది. ఎవరో సలహాగా పెట్టిన చుక్కలు ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి గోడలైపోయాయి. ఇలాంటివి బాస్కెట్‌బాల్‌లోనే జరిగాయా అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు.

1896 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్, బెర్క్‌లీ కాలేజీల అమ్మాయిలు ఆడారు. రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి ఆడవాళ్ల మ్యాచ్ ఇది. చూసేందుకు వచ్చిన వందలమందీ ఆడవాళ్లే. బుట్ట సరిచేయడానికి ఇద్దరు మగవాళ్లు లోపలికి రావాల్సొస్తే బెర్క్‌లీ అమ్మాయిలు కేకలేస్తూ మూలకి పరుగెత్తారని ఆనాటి పత్రికలు రాశాయి. మొత్తం స్కోరు 2–1, స్టాన్‌ఫర్డ్ గెలిచింది.

1938లో అమెరికాలో మూడు గదులు రెండయ్యాయి. జట్టుకి ఆరుగురు: ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒక సగంలో, ముగ్గురు గార్డ్‌లు రెండో సగంలో. మధ్య గీత ఎవరూ దాటకూడదు. ఫార్వర్డ్‌లే బుట్టలో వేస్తారు. గార్డ్‌ల పని ఎదుటివాళ్లని ఆపి, బంతి దొరికితే గీత దాకా తెచ్చి అవతలివాళ్లకి అందించడం. అయోవా రాష్ట్రంలో ఈ ఆటకి ఊళ్లకి ఊళ్లే కదిలొచ్చేవి. 1968లో అక్కడి డెనిస్ లాంగ్ అనే అమ్మాయి ఒకే మ్యాచ్‌లో 111 పాయింట్లు కొట్టింది. అదే ఊళ్లో, అంతే కష్టపడి, నాలుగేళ్లు గార్డ్‌గా ఆడిన అమ్మాయి పేరు పక్కన ఎన్ని పాయింట్లుంటాయి? సున్నా. బంతి అందించి గీత దగ్గర నిలబడి చూసే గార్డ్‌లు మన ఇళ్లలోనూ ఉన్నారులెండి.

1971 నుంచి అమెరికా కాలేజీ అమ్మాయిలు అయిదుగురితో మొత్తం కోర్టు ఆడటం మొదలుపెట్టారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ పెట్టారు, సోవియట్ యూనియన్ గెలిచింది. అయినా కొన్ని రాష్ట్రాల స్కూళ్లలో గీత అలాగే ఉంది. టెనెసీలో విక్టోరియా కేప్ అనే గార్డ్ కోర్టుకెక్కింది, అంటే న్యాయస్థానానికి. ఆమె వాదన సూటిగా ఉంది: మగపిల్లలు మొత్తం కోర్టు ఆడతారు, నన్ను మాత్రం బుట్టలో బంతి వెయ్యనివ్వరు, ఇలాగైతే నాకు కాలేజీ స్కాలర్‌షిప్ ఎవరిస్తారు? 1976లో కింది కోర్టు ఆమె మాటే సరైనదంది. పై కోర్టు మరుసటి ఏడాది ఆ తీర్పు కొట్టేసింది. ఆమె ఓడింది కానీ ఆ నియమం ఎక్కువకాలం బతకలేదు. అయోవాలో ఆఖరి ఆరుగురి టోర్నీ 1993లో, ఓక్లహోమాలో 1995లో జరిగాయి. ఆ రోజు ఏడ్చిన అయోవా ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఆ ఆటే పండగ మరి.

మన వైపు ఈ ఆట వైఎంసీఏల దారిలోనే వచ్చింది. 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టిన హ్యారీ క్రో బక్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివినవాడే. అప్పట్లో కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోవే కదా, అక్కడ చదివొచ్చినవాళ్లు మన ఊళ్లలో డ్రిల్లు మాస్టర్లయ్యారు. అయినా మన తరం ఆడపిల్లలకి ఎక్కువగా దొరికింది టెన్నికాయిట్, త్రోబాల్, ఖోఖో. మొదటి రెండిట్లో మధ్యలో వల ఉంటుంది, ఎదుటివాళ్లు మీదకి రారు. ఒంటికి ఒళ్లు తగిలే ఆటలకి ఇంట్లో అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లు కాదు. ఇప్పుడు ఎమిరేట్స్‌లో మన కూతుళ్లు సీబీఎస్‌ఈ పోటీల్లో మొత్తం కోర్టు పరుగెత్తుతున్నారు.

గల్ఫ్‌లో అసలు గొడవ గీతది కాదు, గుడ్డది. ఆటలో తలమీద 5 సెంటీమీటర్ల పట్టీ మించి ఏదీ ఉండకూడదని ఫిబా నియమం ఉండేది. ఎదుటివాళ్లకి తగిలి దెబ్బలవుతాయని కారణం చెప్పేవారు. 2014 జులైలో చైనాలోని వుహాన్‌లో మన దేశం జట్టులోని సిక్కు ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌లని తలపాగాలు తియ్యమన్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 24న, కొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ అమ్మాయిలు మంగోలియాతో ఆడటానికి కోర్టు మీదకొచ్చారు. హిజాబ్ తీస్తేనే ఆట అన్నారు. వాళ్లు తియ్యలేదు. బయటికి నడిచారు. రెఫరీ పిలిచినా ఆడని జట్టు ఓడినట్టే, స్కోరు 20–0 అని రాయాలని పుస్తకంలో ఉంది. అవే క్రీడల్లో వేరే ఆటల్లో హిజాబ్‌తో ఆడినవాళ్లున్నారు. ఇక్కడ రెఫరీని అనడానికేం లేదు, ఆయన చేతిలో ఉన్న పుస్తకం అది. ఎందుకు వెళ్లింది అని ప్రతి చిన్నదానికీ అడగడం నేర్చుకున్న ఆట, జట్టు జట్టంతా గీత దాటి వెళ్లిపోతే మాత్రం ఆ ప్రశ్న అడగలేదు.

అమెరికాలో బిల్‌ఖిస్ అబ్దుల్ ఖాదిర్ అనే అమ్మాయి హైస్కూల్లో 3,070 పాయింట్లు కొట్టి మసాచుసెట్స్ రాష్ట్ర రికార్డు సృష్టించింది. కాలేజీలో హిజాబ్‌తోనే ఆడింది. 2014లో చదువయ్యాక విదేశాల్లో జీతానికి ఆడదామంటే ఇదే ఫిబా నియమం అడ్డొచ్చింది. ఆమె సొంతూరు ఏదో తెలుసా? నైస్మిత్ బుట్టలు కొట్టిన స్ప్రింగ్‌ఫీల్డే. ఊరుకోలేదు, సంతకాలు సేకరించింది, తిరిగింది, మాట్లాడింది. ఇంకొందరూ పోరాడారు. 2017 మేలో హాంకాంగ్‌లో జరిగిన ఫిబా మహాసభ నియమం మార్చింది. అప్పటికే ఆమె జీవితం వేరే దారి పట్టింది.

2017 అక్టోబర్ 1 నుంచి కొత్త నియమం అమల్లో ఉంది. తలమీద గుడ్డ నల్లదో తెల్లదో, లేదా జట్టు బట్టల రంగుదో అయ్యుండాలి. జట్టులో అందరికీ ఒకటే రంగు. ముఖం కప్పకూడదు. ముఖం, మెడ దగ్గర విప్పి బిగించే కట్లు ఉండకూడదు, బయటికి పొడుచుకొచ్చేవి ఏవీ ఉండకూడదు. షార్జాలో 2012లో మొదలైన అరబ్ మహిళల క్రీడా పోటీల్లో బాస్కెట్‌బాల్ ఉంది. ఇప్పుడు అక్కడ ఆడే అమ్మాయి అదే గుడ్డతో ఆసియా పోటీలకీ వెళ్లొచ్చు. మన పిల్లల స్కూల్ మ్యాచ్‌లో కూడా బంతి పైకి వేసేముందు రెఫరీ వరసగా చూసుకుంటూ వెళ్లడం గమనించే ఉంటారు. గాజులు, చెవిపోగులు, వాచీలు తీసెయ్యమంటారు. తలమీద గుడ్డ దగ్గర ఆగి, పిన్నులు లేవని చూసుకుని, ముందుకెళ్లిపోతారు.